కొండకు ముందున్న మైదానం: నల్లమల, వెలిగొండల్లో సైకిల్ దారులు

(కావలిలో సైకిల్ తొక్కేవాళ్ళ సమావేశంలో చేసిన ప్రసంగం, అక్షర రూపంలో)

అందరికీ నమస్కారం. నెల్లూరు నుంచి, ఒంగోలు నుంచి, కందుకూరు నుంచి కూడా వచ్చారు. కొందరు పొద్దున్నే సైకిళ్ళ మీదే వచ్చారట, చాలా సంతోషం. ఈరోజు నన్ను మాట్లాడమన్నది మనకు పడమట ఉన్న కొండదారుల గురించి. ఉత్తరాన నల్లమల, దక్షిణాన వెలిగొండలు. నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల పడమటి అంచు మొత్తం కొండలే. ఇంత మంచి ఘాట్ రోడ్లు దగ్గర్లో పెట్టుకుని మనవాళ్ళు సైకిళ్ళు కట్టుకుని ఊటీకి, అరకుకు వెళ్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

అయితే ఈ దారుల తత్వం వేరు. మనకు సముద్రం తూర్పున, కొండలు పడమట. మన ఊళ్ళు ఎక్కువ భాగం సముద్రం వైపు ఉన్నాయి. ఒంగోలు నుంచి మార్కాపురం సుమారు వంద కిలోమీటర్లు. నెల్లూరు నుంచి రాపూరు అరవై పైచిలుకు. ఇంటి దగ్గర ఐదింటికి బయల్దేరినా, కొండ మొదలయ్యేసరికి ఎండ నెత్తికెక్కి ఉంటుంది. పొదిలి, కనిగిరి వైపు రోడ్డు పక్క నీడ తక్కువ. రాతి నేల కాబట్టి కింది నుంచి కూడా సెగ కొడుతుంది. అలా కాలిపోయి వెళ్ళి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టినవాడు మూడో మలుపు దగ్గర కూలబడి, "అబ్బ, ఎక్కుడు చాలా కష్టంగా ఉంది" అంటాడు. పాపం, ఎక్కుడు వాణ్ణి ఏమీ చెయ్యలేదు. అంతకు ముందు తొక్కిన మైదానమే వాణ్ణి పిండేసింది.

అందుకే నేను గట్టిగా చెప్పేది ఒకటే. మన కొండలకు ఇంటి దగ్గర్నుంచి తొక్కుకుంటూ వెళ్ళకండి. ముందురోజు రాత్రికే కొండ కింది ఊరు చేరండి. తెల్లారి అక్కణ్ణుంచి మొదలుపెట్టండి. మొత్తం ఎన్ని కిలోమీటర్లు తొక్కారన్న లెక్క తగ్గుతుంది, నిజమే. ఫోన్లో సైకిల్ యాప్ గీసే దారి గీత చిన్నగా కనిపిస్తుంది. కానీ కొండను కొండలాగా, ఒంట్లో శక్తి ఉండగా, చల్లపూట ఎక్కుతారు.

ఈ కింది ఊళ్ళను కలుపుతూ మనకొక జాతీయ రహదారి ఉంది, 565. నకిరేకల్ దగ్గర మొదలై మాచర్ల, ఎర్రగొండపాలెం, కనిగిరి, వెంకటగిరి మీదుగా ఏర్పేడు దాకా పోతుంది. కొండలకు కాస్త ఎడంగా, ఉత్తర దక్షిణాలుగా సాగే దారి. దాని మీద తొక్కుతుంటే కుడి ఎడమల్లో ఒకవైపు ఎప్పుడూ కొండ వరస కనిపిస్తూనే ఉంటుంది. ఈ దారికి అటూ ఇటూ ఉన్న ఊళ్ళ నుంచి ఒక్కో ఘాట్ పడమటికి చీలుతుంది. దోర్నాల నుంచి రెండు, గిద్దలూరు నుంచి ఒకటి, సీతారామపురం నుంచి పోరుమామిళ్ళ వైపు ఒకటి, నెల్లూరు జిల్లా ఆత్మకూరు నుంచి బద్వేలు వైపు ఒకటి, రాపూరు నుంచి చిట్వేలు వైపు ఒకటి. ఈ ఆరూ మన ముఖ్యమైన దారులు.

దోర్నాలతో మొదలుపెడదాం, ఎక్కువమంది అడిగేది దాని గురించే కాబట్టి. పెద్దదోర్నాల నుంచి శ్రీశైలం సుమారు యాభై కిలోమీటర్లు. ఇది 765 నంబరు జాతీయ రహదారి. దోర్నాల దాటిన కాసేపటికే అడవి మొదలవుతుంది, చినారుట్ల, తుమ్మలబైలు, శిఖరం, అక్కణ్ణుంచి శ్రీశైలం. తిన్నగా ఎక్కుతూ పోయే ఘాట్ కాదిది. ఎక్కి, కాస్త దిగి, మళ్ళీ ఎక్కిస్తుంది. దిగినప్పుడు సంతోషపడి బలమంతా అక్కడే ఖర్చు పెట్టేవాళ్ళుంటారు. ఆ బలం శిఖరం దగ్గర కావాలి. శిఖరేశ్వరం సముద్రమట్టానికి 2,830 అడుగుల ఎత్తున ఉంది. దాని దర్శనం చేసుకుంటే మళ్ళీ జన్మ ఉండదని మన పెద్దల నమ్మకం. అక్కడ ఆగి కిందికి చూస్తే శ్రీశైలం గోపురాలు కనిపిస్తాయి. ఎంత తొందరలో ఉన్నా ఆగండి.

ఈ రోడ్డు నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం గుండా పోతుంది. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్‌గా వేరుపడినా, మన వైపు మిగిలిందే 3,700 చదరపు కిలోమీటర్లకు పైన ఉంది. దేశంలో ఇంత పెద్ద పులుల అభయారణ్యం ఇంకొకటి లేదు. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా చెక్‌పోస్టు గేటు వేసేస్తారు. మీ మొత్తం ప్లాను ఆ గేటును బట్టి ఉండాలి. పొద్దున గేటు తీసేటప్పటికి మీరు గేటు ముందుండాలి. సాయంత్రం చీకటి పడకముందే అడవి బయటో, శ్రీశైలంలోనో ఉండాలి. బ్రెవేలు, అంటే గడువు లోపల పూర్తి చెయ్యాల్సిన దూరపు సైకిల్ యాత్రలు, తొక్కే మిత్రులు ఇక్కడున్నారు. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు ఇరవై గంటలు అని మీకు లెక్క కంఠతా వచ్చు. అడవిలో ఆ లెక్క చెల్లదు. టైం మిగిలి ఉందని రాత్రిపూట అడవిలో తొక్కే ఆలోచన పెట్టుకోకండి. బయల్దేరే ముందురోజు దోర్నాలలో అటవీశాఖ వాళ్ళను కనుక్కోండి. ఆ రోజు వాళ్ళేం చెప్తే అదే నియమం. రోడ్డు దిగి పక్క బాటల్లోకి అసలు వెళ్ళకూడదు, అనుమతి లేకుండా అది నేరం.

ఇంకో మాట. ఆ దారి పక్కన చెంచు గూడేలున్నాయి. ఆ అడవి వాళ్ళ ఇల్లు. సైకిలు గోడకు ఆనించి, పిల్లల్ని నిలబెట్టి ఫొటోలు తీసే అలవాటు మన వాళ్ళలో కొందరికి ఉంది. దయచేసి మానేయండి. నీళ్ళు కావాలంటే అడగండి, ఇస్తారు. ఇచ్చినవాళ్ళతో రెండు నిమిషాలు కూర్చుని మాట్లాడండి. ప్లాస్టిక్ సీసా, చాక్లెట్ కాగితం ఒక్కటి కూడా అక్కడ పడేయొద్దు, జెర్సీ వెనక జేబులు ఉన్నది అందుకే. కోతులకు అరటిపండ్లు వేయొద్దు. మీరు వేసిన పండు కోసం అవి రోడ్డు మీద కూర్చోవడం నేర్చుకుంటాయి, వెనకాల వచ్చే బస్సు కింద పడతాయి.

శివరాత్రికి ముందు వారం, ఉగాది ముందు రోజులు శ్రీశైలం దారులు మనకు పనికిరావు. శివరాత్రికి వచ్చే వాహనాలకు అంతుండదు. ఉగాదికి కన్నడ భక్తులు రోజుల తరబడి నడిచి వస్తారు. మోకాళ్ళు వాచిపోయినా నడుస్తూనే ఉంటారు. వాళ్ళ పక్కనుంచి గంట కొట్టుకుంటూ దూసుకుపోవడం మర్యాద కాదు.

దోర్నాల నుంచి రెండో దారి కర్నూలు వైపు ఆత్మకూరుకు పోతుంది. ఇప్పుడది నంద్యాల జిల్లా. రోళ్ళపెంట, బైర్లూటి మీదుగా. ఇది శ్రీశైలం దారి కంటే ఒంటరి. ఫోను సిగ్నల్ చాలాచోట్ల అందదు, హోటళ్ళు లేవు. నల్లమల బాగా తెలిసినవాళ్ళు నలుగురైదుగురు కలిసి వెళ్ళాల్సిన దారి. కొత్తవాళ్ళకు నేను చెప్పను. మ్యాపులో ఆత్మకూరు అని కొట్టేటప్పుడు మాత్రం చూసుకోండి, మన నెల్లూరు ఆత్మకూరు వేరు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన దారి. గిద్దలూరు నుంచి నంద్యాల, సుమారు అరవై అయిదు కిలోమీటర్లు. గిద్దలూరు దాటాక పొలాలు, తర్వాత దిగువమెట్ట, అక్కణ్ణుంచి ఘాట్. మధ్యలో సర్వ నరసింహస్వామి గుడి, లారీ డ్రైవర్లు ఆగి దండం పెట్టుకునే చోటు. పచ్చర్ల, గాజులపల్లె మీదుగా దిగితే నంద్యాల మైదానం. దీన్ని నేను ఎందుకు అంత మెచ్చుకుంటానంటే, ఈ ఘాట్‌కు తోడుగా గుంటూరు-గుంతకల్లు రైలు మార్గం ఉంది. ఇంగ్లీషువాళ్ళ కాలంలో అదే కొండను తొలిచి బొగద సొరంగం వేశారు. మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు, దిగువమెట్ట, నంద్యాల అన్నీ ఒకే లైను మీది స్టేషన్లు. అంటే మీరు తూర్పు నుంచి కొండ ఎక్కి పడమటికి దిగి, మధ్యాహ్నం నంద్యాలలో భోంచేసి, రైలెక్కి వెనక్కి రావచ్చు. వెనక్కి తొక్కే పనే లేదు.

గాలి సంగతి తెలిస్తే దీని విలువ ఇంకా బాగా అర్థమవుతుంది. మనం తొక్కే సీజను డిసెంబరు, జనవరి. అప్పుడు మనకు గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. పడమటికి పోయేటప్పుడు వీపు మీద చెయ్యివేసి నెట్టినట్టుంటుంది. 'ఈరోజు కాళ్ళు భలే ఆడుతున్నాయే' అనిపిస్తుంది. మధ్యాహ్నం తిరిగి తూర్పుకు మళ్ళగానే అదే గాలి ముఖం మీద కొడుతుంది, పైన ఎండ, ఒంట్లో నీళ్ళు అయిపోయి ఉంటాయి. నలభై కిలోమీటర్లు ఉండగానే చాలామంది ఆటో వెతుక్కునేది ఈ పూటే. అందుకే ఒకవైపు తొక్కడం, ఒకవైపు రైలో బస్సో ఎక్కడం. దీంట్లో చిన్నతనం ఏమీ లేదు.

రైల్లో సైకిలు వెయ్యాలంటే పార్శిల్ ఆఫీసులో ముందురోజే అడిగి ఉంచుకోండి. చిన్న స్టేషన్లలో బండి ఆగేదే ఒకటి రెండు నిమిషాలు, అక్కడ ఎక్కించాలని చూడకండి. నంద్యాల లాంటి పెద్ద స్టేషనే మేలు.

ఈ ఘాట్లో ఒంటరిగా ఆగొద్దు. 2024లో పచ్చర్ల దగ్గర చిరుత దాడిలో ఒక మహిళ చనిపోయారు. భయపెట్టాలని చెప్పడం లేదు. ఉదయం మసక వెలుతురులో, సాయంత్రం పొద్దు గుంకే వేళ అక్కడ గుంపుగా ఉండండి, మాట్లాడుకుంటూ పోండి, పొదల్లోకి వెళ్ళి కూర్చోకండి. అంతే.

సీతారామపురం, పోరుమామిళ్ళ దారిలో ముందు చూడాల్సింది ఉదయగిరి. అక్కడి దుర్గం 3,079 అడుగుల ఎత్తు కొండ మీద ఉంది. శ్రీకృష్ణదేవరాయలు ముట్టడి వేసి 1514లో గాని గెలవలేకపోయాడు. కొండ పైకి మీరు నడిచే వెళ్ళాలి, సైకిలు ఊళ్ళోనే పెట్టండి. అక్కడ చెక్కతో గరిటెలు, చెంచాలు చేసే కుటుంబాలున్నాయి. రెండు గరిటెలు కొని బ్యాగులో వేసుకుంటే బరువేమీ కాదు. దగ్గర్లోనే సి.ఎస్.పురం మండలంలో భైరవకోన, ఒకే కొండలో తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కన జలపాతం. మధ్యాహ్నం ఎండను తప్పించుకోవడానికి ఆ చుట్టుపక్కల అంత చల్లటి చోటు ఇంకోటి లేదు.

ఆత్మకూరు, బద్వేలు రోడ్డు 67వ నంబరు జాతీయ రహదారి. కృష్ణపట్నం ఓడరేవు లారీలు దాని మీద తిరుగుతాయి. రోడ్డు బాగుంటుంది, లారీల మధ్య తొక్కడం బాగుండదు. సోమశిల చూడాలంటే ఆ దారి నుంచి పక్కకు వెళ్ళండి. పెన్న కొండల్ని చీల్చుకుని మైదానంలోకి వచ్చే చోట కట్టిన జలాశయం, 78 టీఎంసీలు.

రాపూరు ఘాట్ గురించి జాగ్రత్తగా చెప్తాను. నెల్లూరు వాళ్ళకు దగ్గర, అందమైనది కూడా. పోతూ కండలేరు చూడొచ్చు, పదకొండు కిలోమీటర్ల మట్టికట్ట, మద్రాసుకు తాగునీళ్ళు పోయేది అక్కణ్ణుంచే. పెంచలకోన కూడా ఆ దగ్గర్లోనే. కానీ రాపూరు, చిట్వేలు మధ్య మలుపులు ముడుచుకుని ఉంటాయి, ఎదురొచ్చే బస్సు చివరి క్షణం దాకా కనిపించదు. మలుపుకు ముందే బ్రేకు వేసి వేగం తగ్గించాలి, మలుపులో దూరాక బ్రేకు వదిలేయాలి. బయటి వైపు పెడల్ కిందకు ఉంచి బరువంతా దాని మీద వెయ్యండి. లోపలి పెడల్ పైన ఉండాలి, లేకపోతే రోడ్డుకు తగులుతుంది. చూపు చక్రం ముందు పెట్టకండి, మలుపు ఎక్కడ తెరుచుకుంటుందో అక్కడ పెట్టండి. రోడ్డులో మన ఎడమ సగంలోనే మనం ఉండాలి, ఎంత ఖాళీగా కనిపించినా కుడివైపు కోసుకుంటూ తిరగొద్దు. ఎక్కే బండికి దిగేవాడు దారి ఇవ్వాలి, అది ఘాట్ రోడ్డు నియమం.

దిగుడులో బ్రేకుల గురించి ఒక చిన్న లెక్క. మీరు, సైకిలు, నీళ్ళ సీసాలు కలిపి 85 కిలోలు అనుకుందాం. ఆరు వందల మీటర్ల ఎత్తు దిగితే వదిలించుకోవాల్సిన శక్తి సుమారు అయిదు లక్షల జూళ్ళు. లీటరున్నర నీళ్ళను మరగబెట్టేంత వేడి అది. కొంత గాలి తీసుకుంటుంది, మిగతాదంతా మీ బ్రేకులే మొయ్యాలి. కిందిదాకా బ్రేకు పట్టుకునే దిగితే రిమ్ము వేడెక్కుతుంది, టైరులో గాలి ఒత్తిడి పెరుగుతుంది. కార్బన్ రిమ్ములు, రిమ్ బ్రేకులు ఉన్నవాళ్ళకు ఇది ప్రమాదం. గట్టిగా పట్టి, వదిలి, మళ్ళీ పట్టాలి. డిస్క్ బ్రేకులకు కూడా ఇదే పద్ధతి మంచిది.

ఎక్కడానికి గేరు ముఖ్యం. ముందు పన్నుచక్రానికి 34 పళ్ళు, వెనక దానికి కూడా 34 పళ్ళు ఉంటే పెడల్ ఒక చుట్టుకు చక్రం ఒక చుట్టు తిరుగుతుంది, అంటే సుమారు 2.1 మీటర్లు. నిమిషానికి అరవై చుట్లు తొక్కితే గంటకు ఏడున్నర కిలోమీటర్లు. అది ఊపిరి ఆడే వేగం, పక్కవాడితో మాట్లాడుకుంటూ ఎక్కొచ్చు. ముందు 39, వెనక 25 పెట్టుకుని అదే వేగంలో ఎక్కాలంటే నిమిషానికి నలభై చుట్లు కూడా తిరగవు, ప్రతి తొక్కుడూ మోకాలి మీదే పడుతుంది. కుర్రవాళ్ళు పెద్ద గేరు గొప్పగా చెప్పుకుంటారు. నలభై దాటాక మోకాళ్ళ డాక్టరు దగ్గర కూర్చోవాల్సింది కూడా వాళ్ళే. వెనక పెద్ద క్యాసెట్, అంటే వెనక చక్రానికి ఉండే పన్నుచక్రాల గుత్తి, వేయించుకోండి.

పంక్చర్ల గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం పూర్తవదు. పడమటి ప్రకాశంలో రోడ్డు అంచుల్లో ఎక్కడ చూసినా సర్కారు తుమ్మ. దాని ముల్లు గట్టిది, సన్నది, టైరులో దూరి కొస మాత్రం లోపలికి పొడుచుకుని ఉంటుంది. పైనుంచి చూస్తే కనపడదు. మీరు ట్యూబు మార్చి గాలి కొట్టుకుని బయల్దేరతారు, అర కిలోమీటరులో మళ్ళీ దిగిపోతుంది. కాబట్టి కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపలి వైపు ఒక గుడ్డ పెట్టి మెల్లగా చుట్టూ తుడవండి. ముల్లు ఉంటే గుడ్డ దారం దానికి పట్టుకుని ఆగుతుంది. అక్కడ టైరును వంచి, గోటితోనో చిన్న పట్టకారుతోనో లాగేయండి. వేలితో తడమొద్దు, వేలు చీరుకుంటుంది. ఆగినప్పుడు సైకిలును రోడ్డు దింపి మట్టిలో దొర్లించకండి, ఎత్తి పట్టుకుని నడవండి. టైరు 28 మిల్లీమీటర్లకు తక్కువ వద్దు. రెండు ట్యూబులు, అతుకుల సామాను, పంపు మనిషికొకటి ఉండాలి.

మన పడమటి మండలాల్లో నీళ్ళ కష్టం మీకు తెలియనిది కాదు. కనిగిరి వైపు ఫ్లోరైడ్‌తో కాళ్ళు వంకర పోయినవాళ్ళను చూశాం. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళ కోసం ఆ ఊళ్ళు దశాబ్దాలుగా ఎదురు చూస్తున్నాయి. ఏ బోరు కనిపిస్తే ఆ బోరు నీళ్ళు పట్టుకోకండి, శుద్ధి చేసిన నీళ్ళ ప్లాంట్లు దాదాపు ప్రతి పెద్ద ఊళ్ళో ఉన్నాయి. ఘాట్ ఎక్కే ముందు ఊళ్ళోనే రెండు సీసాలూ నింపాలి. ఉప్పు వేసిన మజ్జిగ దొరికితే ఏ కంపెనీ పొడీ దాని ముందు నిలవదని నా అభిప్రాయం.

కాలం గురించి. అక్టోబరు, నవంబరు నెలల్లో నెల్లూరు వైపు వానలు, వాయుగుండాలు. అప్పుడు వెలిగొండ ఘాట్లలో రాళ్ళు, మట్టి రోడ్డు మీదికి జారుతాయి. మార్చి మధ్య నుంచి ఎండ చంపేస్తుంది, మే నెల సంగతి చెప్పనక్కర్లేదు. డిసెంబరు రెండో వారం నుంచి ఫిబ్రవరి దాకా మన సీజను. పొద్దున మంచు ఉంటుంది కాబట్టి వెనక ఎర్ర లైటు వెలుగుతూనే ఉండాలి.

ఇందాక ఒక అమ్మాయి చీటీ పంపింది, "ఇప్పటిదాకా ఘాట్ ఎక్కలేదు సార్, మొదట ఏ దారి?" అని. మంచి ప్రశ్న తల్లీ. మొదటిసారి కంభం వెళ్ళు. ఒక పూట కంభం చెరువు చుట్టుపక్కల తొక్కు. గుండ్లకమ్మకు కొండల మధ్య అడ్డంగా కట్ట కట్టి విజయనగర రాజుల కాలంలో చేసిన చెరువు, ఆసియాలోని పాత చెరువుల్లో ఒకటి, 2020లో ప్రపంచ నీటిపారుదల వారసత్వ కట్టడంగా గుర్తింపు కూడా వచ్చింది. ఎక్కువ ఎత్తుపల్లాలు లేవు, కాళ్ళు కదులుతాయి. రాత్రి గిద్దలూరులో ఉండు. తెల్లవారి బాగా వెలుగొచ్చాక నలుగురితో కలిసి దిగువమెట్ట మీదుగా ఘాట్ ఎక్కడం మొదలుపెట్టు. ఎంతవరకు ఎక్కగలిగితే అంతవరకే ఎక్కి, అక్కడే తిరిగి తొమ్మిదిన్నరకల్లా గిద్దలూరు వచ్చేసి ఇడ్లీ తిను. నంద్యాల దాకా పోవడం తర్వాతి సారికి ఉంచుకో.

సంక్రాంతి అయ్యాక కొత్తవాళ్ళను ఈ దారికే తీసుకెళ్దామని అనుకుంటున్నాం. వచ్చేవాళ్ళు బయట బల్ల దగ్గర పేరు రాయండి. పేరు పక్కనే మీ సైకిలుకు వెనక పెద్ద పన్నుచక్రానికి ఎన్ని పళ్ళున్నాయో కూడా రాయండి. 28 కంటే తక్కువ ఉన్నవాళ్ళకు క్యాసెట్ ఎక్కడ మార్పించుకోవాలో ముందుగా చెప్తాం.